రంగం దారిలో మా మామ్మ

(కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



పోయినసారి ఈ కార్యక్రమంలో "మన తెలుగువాళ్ళు విదేశాలకి రావడం ఎప్పుడు మొదలైంది?" అన్న మాట వచ్చింది. ఫోన్ చేసినవాళ్ళలో కొందరు అరవైలలో ఇంగ్లండు వచ్చిన డాక్టర్ల గురించి చెప్పారు, ఇంకొందరు తొంభైలలో వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్ళ గురించి చెప్పారు. మా ఇంట్లోనూ అంతే. మా వాళ్ళలో మొదట విమానం ఎక్కింది నేనే కాబట్టి, మా వంశంలో మొట్టమొదట పరదేశం వెళ్ళింది నేనే అని చాలా ఏళ్ళు గొప్పలు పోయాను. అది శుద్ధ తప్పని ఆలస్యంగా తెలిసింది. అందుకే ఇవాళ ఈ నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను.

మా మామ్మ 2023 ఫిబ్రవరిలో పోయింది. మా వైపు నాయనమ్మని మామ్మ అంటాం. శ్రీకాకుళం జిల్లాలో, సోంపేటకి దగ్గరగా, సముద్రం పక్క పల్లె మాది. తొంభై దాటిందని అందరం అనుకున్నాం గానీ ఆవిడ పుట్టిన తేదీ ఎవరి దగ్గరా లేదు. నేను వెళ్ళలేకపోయాను. రాత్రి రెండు గంటలకి ఫోన్ వచ్చింది, తెల్లారేసరికి టిక్కెట్టు దొరకలేదు, అక్కడ ఆపడానికి వీల్లేదన్నారు. పక్కింటి కుర్రాడు ఫోను పట్టుకుని వీడియోలో చూపించాడు. అతని చెయ్యి ఊగుతుంటే ఒకసారి మామ్మ ముఖం, ఒకసారి కొబ్బరిచెట్టు కనబడ్డాయి. మీలో చాలామందికి ఇలాంటి రాత్రి ఒకటి గడిచే ఉంటుంది. ఎక్కువ చెప్పను.

2006లో మామ్మ ఒకసారి మా దగ్గరికి వచ్చి మూడు నెలలుంది. అప్పుడు మేము హౌన్స్‌లోలో ఉండేవాళ్ళం. హీత్రో పక్కనే కదా, ఒకదాని వెనక ఒకటి విమానాలు ఇంటి మీంచే దిగుతాయి. వేసవికాలం, పెరట్లో ఎండ చక్కగా కాస్తోంది, అయినా మామ్మ పెరట్లోకి అడుగు పెట్టేది కాదు. రెండు గదుల మధ్య కిటికీలు లేని నడవా ఒకటి ఉండేది, అక్కడ పీట వేసుకుని కూర్చునేది. "అక్కడేం చూస్తావు మామ్మా, బయటికి రా" అంటే "నాకిక్కడే బాగుందే" అనేది. మా చిన్నప్పుడు ఊళ్ళోనూ అంతే. ఎప్పుడైనా విమానం చప్పుడు వినిపిస్తే పిల్లలందరం కేకలు వేసుకుంటూ వీధిలోకి పరిగెత్తేవాళ్ళం. మామ్మ ఒక్కతే "పైకి సూడకండర్రా! లోపలికి రండి!" అని చేతికి దొరికినవాళ్ళని దొరికినట్టు ఈడ్చుకొచ్చేది. ముసలావిడ చాదస్తం అని నవ్వుకునేవాళ్ళం.

ఆ ప్రయాణానికి పాస్‌పోర్టు తియ్యడమే ఒక కథ. దరఖాస్తులో పుట్టిన ఊరు అన్న గడి దగ్గర నాన్న కలం ఆగిపోయింది. "అమ్మా, నువ్వెక్కడ పుట్టావు?" అని అడిగాడు. మామ్మ పప్పు రుబ్బుతూ తల ఎత్తకుండా "రంగంలో" అంది. మా నాన్నకి ఆ సంగతి తెలుసట, కానీ ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదట. ఆ ఊరు రాస్తే ఏ కాగితాలు అడుగుతారో, ఏ పేచీలు పెడతారో అని భయపడి మా పల్లె పేరే రాసేశాడు. మామ్మ కూడా "రంగంలో పుట్టినానంటే ఇప్పుడు నన్నక్కడికి తోలెత్తారేటి?" అంది. అంతా నవ్వారు, దరఖాస్తు వెళ్ళిపోయింది. ఆ విధంగా మామ్మ పుట్టిన ఊరు ఉన్న ఒక్క కాగితంలోనూ ఆ ఊరు లేకుండా పోయింది.

రంగం అంటే రంగూన్. ఇప్పుడు యాంగోన్ అంటున్నారు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో పాతకాలం వాళ్ళ నోట ఆ ఊరు రంగమే. "రంగం వెళ్ళాడు" అంటే డబ్బు సంపాదించడానికి వెళ్ళాడని అర్థం. మనం ఇప్పుడు "అమెరికా వెళ్ళాడు", "దుబాయ్ వెళ్ళాడు" అన్నట్టే.

ఆ రోజుల్లో అది ఎంత పెద్ద వలసో మనలో చాలామందికి తెలీదు. 1852 తర్వాత దిగువ బర్మా, 1886 నాటికి బర్మా మొత్తం ఆంగ్లేయుల చేతికి వచ్చాయి. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి యూరప్‌లో గిరాకీ పెరిగింది. వరి కొయ్యాలి, మిల్లు ఆడించాలి, బస్తాలు ఓడలకెక్కించాలి. ఆ పనికి మనుషులు బంగాళాఖాతం ఇవతల నుంచి వెళ్ళారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, మా బారువ, ఇలా ఒక్కొక్క రేవులో ఆగుతూ బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు జనాన్ని డెక్కు మీద ఎక్కించుకుని రంగం చేర్చేవి. ఇంకా ముందు, తెరచాప ఓడల కాలంలో, గోదావరి మొగలో కోరంగి పెద్ద రేవు. 1839 తుఫానుకి ఆ రేవు దెబ్బతింది గానీ పేరు మాత్రం సముద్రం దాటి నిలబడింది. బర్మాలో తెలుగువాళ్ళని "కొరంగీ"లనే పిలిచేవారు. ఆ మాటలో గౌరవం ఏమీ లేదని చినతాత అంటాడు. చినతాత అంటే మామ్మ తమ్ముడు. ఆయన గురించి తర్వాత చెప్తాను.

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు 10 లక్షల పైచిలుకు, అందులో తెలుగువాళ్ళు లక్షన్నరకి పైనే. రంగూన్ ఊళ్ళో 4 లక్షల మంది ఉంటే 2 లక్షల 12 వేలకు పైగా భారతీయులే. సగానికి సగం పైన! ఓడరేవులో బస్తాలు మోసేవాళ్ళు, బియ్యం మిల్లు కూలీలు, రిక్షాలు లాగేవాళ్ళు చాలామటుకు మనవాళ్ళు. ఒక్కొక్క గదిలో ఇరుక్కుని ఉండేవారు, కొన్నిచోట్ల వంతుల మీద నిద్రపోయేవారు. పగటి పనివాడు లేచిన చాప మీద రాత్రి పనివాడు పడుకునేవాడు. గల్ఫ్‌లో లేబర్ క్యాంపులు చూసిన శ్రోతలకి ఇది వేరే చెప్పక్కరలేదు.

ఇందులో ఆడవాళ్ళు చాలా తక్కువ. మగవాళ్ళు ఒంటరిగా వెళ్ళి, నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగొచ్చేవారు. మరి మా ముత్తాత పెళ్ళాన్ని కూడా తీసుకెళ్ళి అక్కడే పిల్లల్ని ఎలా కన్నాడంటే, ఆయన మేస్త్రీ అయ్యాడు కాబట్టి. ఈ మేస్త్రీ అన్నది ఇంట్లో మేము గర్వంగా చెప్పుకునే మాట. పుస్తకాలు చదివాక నా గర్వం కొంచెం తగ్గింది. మేస్త్రీ తన ఊరి చుట్టుపక్కల కుర్రాళ్ళకి ఓడ చార్జీ, ఇంటి ఖర్చు అప్పుగా ఇచ్చి తీసుకెళ్ళేవాడు. కంపెనీ కూలి డబ్బు మేస్త్రీ చేతికిచ్చేది. మేస్త్రీ తన వాటా, అప్పు, వడ్డీ కోసుకుని మిగిలింది వాళ్ళకిచ్చేవాడు. ఒక్కొక్క మేస్త్రీ పైన ఇంకో మేస్త్రీ ఉండేవాడు, వాడిదీ ఒక వాటా. 1931లో వచ్చిన విట్లీ కమిషన్ నివేదికలో భారతదేశంతో పాటు బర్మా కూలీల గతి గురించి కూడా ఉంది. మా ముత్తాత చెడ్డవాడని నేననను, ఆయన్ని నేను చూడలేదు. కానీ మామ్మ వాళ్ళ చెవుల కమ్మలు ఎవరి కూలిలోంచి వచ్చాయో అన్నది ఆలోచించకుండా ఉండలేను.

1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలని పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారమై మనవాళ్ళు పనిలోకి రాగానే బర్మావాళ్ళని పొమ్మన్నారు. మే 26న అల్లర్లు మొదలయ్యాయి. వంద మందికి పైగా చచ్చిపోయారు, అందులో ఎక్కువమంది తెలుగువాళ్ళు. ముత్తాత నాలుగు రోజులు మిల్లులో ఊక గదిలో దాక్కున్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. అప్పుడే వచ్చెయ్యవలసింది. రాలేదు. ఎందుకు రాలేదని మనం అడగడం సులువు. ఉద్యోగం పోతే వీసా పోతుందని తెలిసి కూడా ఇల్లు కొనుక్కుని కూర్చున్నవాళ్ళం మనం.

మామ్మ 1932 ప్రాంతంలో పుట్టింది. పుజండాం వాగు పక్క, బియ్యం మిల్లుల దగ్గర. పజున్‌డౌంగ్ అన్న పేరు ఆవిడ నోట్లో పుజండాం అయింది. ఒక సంగతి గమనించండి. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. ఆ రోజున విడదీశారు. అంటే మామ్మ పుట్టినప్పుడు రంగం విదేశం కాదు, ఐదేళ్ళ పిల్ల అయ్యేసరికి విదేశమైంది. ఆవిడ కదల్లేదు, సరిహద్దే కదిలింది.

రంగం గురించి మామ్మ చెప్పినవన్నీ చిన్నచిన్న సంగతులే. దాగుడుమూతల్లో కళ్ళు మూసుకుని బర్మా అంకెలు లెక్కపెట్టేది, "తిట్, నిట్, తోం, లే, ఙా..." అని. మేమూ అదే నేర్చుకున్నాం, బళ్ళో కూడా అలాగే లెక్కపెట్టి మేష్టారి చేత చీవాట్లు తిన్నాం. చేపల పులుసులో అరటి దూట ముక్కలు, శనగపిండి వేసి, అందులో బియ్యప్పిండి సేమియా కలిపి పెట్టేది. మేము దాన్ని రంగం పులుసు అనేవాళ్ళం. అది బర్మావాళ్ళు పొద్దున్నే తినే మొహింగా అని నాకు లండన్‌లో ఒక బర్మా హోటల్లో తిన్నప్పుడు తెలిసింది. మొదటి ముద్దకే కళ్ళనీళ్ళొచ్చాయి. వడ్డించిన అమ్మాయి కారం ఎక్కువైందనుకుని మంచినీళ్ళు తెచ్చింది.

ఇంకోటి తనఖా. బర్మా ఆడవాళ్ళు ఒక చెట్టు బెరడుని సానరాయి మీద అరగదీసి బుగ్గలకి రాసుకుంటారు, దాని పేరు తనఖా. మామ్మ దగ్గర అలాంటి చెక్క ఒకటుండేది. వేసవిలో మా అందరి బుగ్గలకీ రాసేది. చిన్నప్పుడు మా అన్నయ్య వీధిలో ఎవరో అడిగితే "మా మామ్మ మాకు తనఖా పెట్టింది" అన్నాడట. ఊళ్ళో మా ఇల్లు తాకట్టులో ఉందని వారం రోజులు చెప్పుకున్నారు.

ఇవన్నీ చెప్పేది గానీ ఎలా తిరిగొచ్చారని అడిగితే మాత్రం ఒకటే జవాబు. "ఏటుందే సెప్పడానికి? నడిసినాం, ఒచ్చీసినాం." అంతే, లేచి వెళ్ళిపోయేది.

ఇప్పుడు సంక్రాంతి సంగతి చెప్పాలి. మా ప్రాంతం వాళ్ళకి తెలుసు, సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెడతాం. పోయినవాళ్ళ పేరు తలుచుకుని పంచె, చీర, పిండివంటలు దేవుడి దగ్గర పెట్టి, దండం పెట్టుకుని, తర్వాత ఇంట్లోవాళ్ళు కట్టుకుంటారు. మా ఇంట్లో తాతల పంచెలు, తాతమ్మల చీరల పక్కన మామ్మ ఏటేటా ఒక చిన్న పరికిణీ పెట్టేది. చంటిపిల్లకి సరిపోయేటంత. ఇది ఎవరికి మామ్మా అంటే "పేరంటాలికి" అనేది. పూర్వం ఇంట్లో పోయిన ముత్తైదువని పేరంటాలని కొలవడం ఉంది కాబట్టి మా అమ్మ కూడా మరి అడగలేదు. పండగ అయ్యాక ఆ పరికిణీ వీధిలో ఎవరో ఒక పసిపిల్లకి తొడిగేది.

మామ్మ పోయాక మొదటి సంక్రాంతికి, 2024 జనవరిలో, నేను ఇంటికి వెళ్ళాను. ఈసారి మామ్మకీ చీర పెట్టాలి కదా. అన్నీ సర్దాక మా అమ్మ "మరి ఆ పరికిణీ పెట్టాలా వద్దా? పేరంటాలికి పరికిణీ ఏమిటి, చీర కదా పెడతారు?" అంది. ముప్పై ఏళ్ళ పైగా ఆ ఇంట్లో కాపురం చేసి ఆవిడకి ఆ సందేహం అప్పుడు వచ్చింది. నాన్నకి తెలీదు. పెద్దత్తకి ఫోన్ చేస్తే ఆవిడకీ తెలీదు. చివరికి నేను చినతాత దగ్గరికి వెళ్ళాను. ఆయనకి అప్పటికి ఎనభై ఏడో ఎనభై ఎనిమిదో. చెవులు సరిగా వినపడవు. పరికిణీ మాట రెండుసార్లు గట్టిగా చెప్పవలసి వచ్చింది. విని, చాలాసేపు వీధి వైపు చూశాడు. "అది పేరంటాలికి కాదమ్మా, మా పాపకి" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన చెప్పింది, తర్వాత నేను చదివింది కలిపి చెప్తాను. అప్పటికి ఆయనకి ఆరేళ్ళు. కొంత ఆయనకి గుర్తున్నది, కొంత వాళ్ళమ్మ చెప్పగా విన్నది.

1941 డిసెంబర్ 23 పొద్దున్న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. అంతకుముందు ఆ ఊరు అలాంటిది చూడలేదు. జనం ఇళ్ళలో దాక్కోవలసింది పోయి వీధుల్లోకొచ్చి ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. వెయ్యి మందికి పైగా ఆ వీధుల్లోనే పోయారు, రేవు దగ్గర మన కూలీలు ఎందరో. పిల్లలు కూడా చూడ్డానికి పరిగెత్తారట. మామ్మ తొమ్మిదేళ్ళది, వాళ్ళమ్మ జుట్టు పట్టుకుని లోపలికి లాగింది. చినతాత ఈ ముక్క చెప్తుంటే నేను హౌన్స్‌లో ఇంట్లో నడవాలో పీట మీద కూర్చున్న మామ్మని తలుచుకున్నాను. మూడు నెలలు ఆవిడని బయటికి రమ్మని వేధించాను.

క్రిస్మస్ రోజున మళ్ళీ బాంబులు పడ్డాయి. జనం ఊరు విడిచి ఉత్తరానికి పట్టారు. రేవులో పనికి మనుషులు లేకపోతే యుద్ధం సామాను దించేదెవరని ప్రభుత్వం మొదట్లో వాళ్ళని వెనక్కి తిప్పడానికి చూసింది. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్ళకే దొరికింది. ముత్తాత, తాతమ్మ, పదమూడేళ్ళ పెద్ద తాత, మామ్మ, చినతాత, చంకలో పాప. మొత్తం ఆరుగురు. ప్రోం దాకా వెళ్ళారు. ఐరావతి దాటారు. 2006లో మామ్మకి థేమ్స్ నది చూపిస్తే "ఇదా? ఐరావతిలో పాయకి సరిపోదు" అని ఎందుకందో ఇప్పుడు అర్థమవుతోంది.

నది దాటాక అరకాన్ కొండలు. ప్రోం నుంచి సముద్రం ఒడ్డున తౌంగప్ దాకా నూట పది మైళ్ళ దారి. దారి అంటే ఎడ్లబండి బాట. నీళ్ళు లేవు. ఉన్న నీళ్ళలో కలరా. ముందు వెళ్ళినవాళ్ళ శవాలు పక్కనే ఉండేవని ఎందరో రాశారు. లక్ష మందికి పైగా ఆ ఒక్క దారిలోనే నడిచారు. తౌంగప్ చేరినవాళ్ళు పడవల్లో అక్యాబ్, అక్కడి నుంచి స్టీమర్లో చిట్టగాంగ్. తర్వాత రంగూన్ పడిపోయాక, 1942 మార్చి 8 తర్వాత, ఇంకా పైనుంచి, మాండలే మీదుగా, చింద్విన్ లోయ దాటి తము, ఇంఫాల్, దిమాపూర్ దారిలో జనం వచ్చారు. ఆ దారిలో తెల్లవాళ్ళకి ఒక మంచి బాట, నల్లవాళ్ళకి ఒక చెడ్డ బాట పెట్టారని ఆనాడే గొడవైంది, కాంగ్రెస్ తీర్మానం కూడా చేసింది. అన్ని దారుల్లోనూ కలిపి నాలుగైదు లక్షల మంది వచ్చి ఉంటారని అంచనా. దారిలో పోయినవాళ్ళు పది వేలని కొందరు, యాభై వేలని కొందరు, ఇంకా ఎక్కువని కొందరు. హ్యూ టింకర్ అనే చరిత్రకారుడు 1975లో దీని మీద వ్యాసం రాస్తే దాని పేరులోనే "మరచిపోయిన" అన్న మాట పెట్టవలసి వచ్చింది. అమితవ్ ఘోష్ 2000లో వచ్చిన "ద గ్లాస్ ప్యాలెస్" నవలలో ఈ నడక ఉంది, చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మన తెలుగు పల్లెల్లో ఇంటికొకరు చొప్పున ఈ దారిన వచ్చారు, కానీ మన బడి పుస్తకాల్లో నేను దీని గురించి ఒక్క పేరా చదవలేదు.

పాపకి మూడేళ్ళో, నాలుగేళ్ళో. కొండ ఎక్కుతుండగా విరేచనాలు పట్టుకున్నాయి. ఒక పగలు, ఒక రాత్రి. వెనక జనం తోసుకొస్తున్నారు, ఆగితే నీళ్ళు లేవు. తవ్వడానికి ఏమీ లేదు. వెదురు పొద పక్కన పడుకోబెట్టి ఆకులు కప్పారు. ఒంటి మీద గుడ్డ పాడైపోయింది. అప్పుడు మామ్మ తన మూటలోంచి కొత్త పరికిణీ తీసి ఇచ్చింది. సంక్రాంతికని రంగంలో కుట్టించినది, ఇంకా తొడగనిది. సంక్రాంతి ఆ కొండల్లో ఉండగానే వచ్చి వెళ్ళిపోయిందని తాతమ్మ తర్వాత లెక్కకట్టిందట. తొమ్మిదేళ్ళ పిల్ల పరికిణీ కాబట్టి పాపని తల నుంచి కాళ్ళ దాకా చుట్టడానికి సరిపోయింది.

"పాప పేరేంటి తాతా?" అని అడిగాను. ఆయనకి తెలీదు. "పాప అనే అనేవోళ్ళం. పేరెట్టినారో లేదో. అప్పకే తెలవాల" అన్నాడు. అప్ప అంటే అక్క. మా మామ్మ.

మరి పేరంటాలని ఎందుకు చెప్పింది? దానికీ ఆయనే చెప్పాడు. మా వైపు అత్తారింట్లో పెట్టే బట్టలు ఆ ఇంటి పెద్దలకే. ఆడపిల్ల తన పుట్టింటి వాళ్ళకి అక్కడ పెట్టడానికి లేదు. పైగా పాప పెద్దల్లోకి రాదు, పసిపిల్ల. మామ్మకి 1947లో పెళ్ళయింది. అత్తగారు గట్టి మనిషి. చెల్లెలికని చెప్తే పెట్టనివ్వరు, పేరంటాలికని చెప్తే కాదనేవాళ్ళు లేరు. అత్తగారు పోయిన తర్వాత కూడా మామ్మ ఆ మాట మార్చలేదు. డెబ్భై అయిదేళ్ళు, అదే అబద్ధం.

మిగతాది త్వరగా చెప్తాను. చిట్టగాంగ్ నుంచి చాంద్‌పూర్, అక్కడ స్టీమరెక్కి గోలుండో, రైల్లో కలకత్తా. హౌరాలో బెంగాల్ నాగపూర్ రైలెక్కి ఐదుగురూ మా స్టేషన్లో దిగారు. రంగంలో ఉన్న డబ్బు రంగంలోనే పోయింది. ఏప్రిల్ 6న జపానువాళ్ళు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశారు. విశాఖ జనం మూటలు నెత్తిన పెట్టుకుని పల్లెలకి పారిపోయి వస్తుంటే మామ్మ వాళ్ళ గుమ్మంలో నిలబడి చూసిందట. ఆ తర్వాతి ఏడు బర్మా బియ్యం రాక, ధరలు ఆకాశానికెక్కాయి. బెంగాల్లో కరువొచ్చి లక్షల మంది పోయారు, దానికి బర్మా బియ్యం ఆగిపోవడం ఒక కారణం. మా ఊళ్ళో గంజి తాగి బతికారు.

యుద్ధం అయ్యాక పెద్ద తాత మళ్ళీ రంగం వెళ్ళాడు. వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకున్నా ఆగలేదు. అక్కడ చిన్న కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. 1962లో నె విన్ సైన్యంతో అధికారం పట్టుకున్నాడు. 1964లో దుకాణాలన్నీ ప్రభుత్వపరం చేశాడు, ఆ మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నాడు. మూడు లక్షల దాకా భారతీయులు ఆ కొద్ది ఏళ్ళలో ఇంటిదారి పట్టారు. నగలు తీసుకెళ్ళనిచ్చేవారు కాదు, ఆడవాళ్ళ చేతి గాజులు కూడా రేవులో తీయించారని వచ్చినవాళ్ళు చెప్పేవారు. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అని ఇప్పటికీ అంటారు కదా, అది అలా వచ్చినవాళ్ళ కోసం వెలిసిందే. ఆ పేరు విన్నవాళ్ళు చాలామందే ఉంటారు, ఎందుకొచ్చిందో అడిగినవాళ్ళు తక్కువ. పెద్ద తాత ఇరవై ఏళ్ళ సంపాదనలోంచి చెల్లెలికి తేగలిగింది ఒక్క చెక్కముక్క. అదే మా బుగ్గలకి రాసిన తనఖా.

లండన్ తిరిగొచ్చాక నేను బ్రిటిష్ లైబ్రరీకి వెళ్ళాను. పాత బర్మా ఆఫీసు కాగితాలన్నీ అక్కడే ఉన్నాయి, కార్డు తీసుకుంటే ఎవరైనా చదవచ్చు. శని, ఆదివారాలు కుదిరినప్పుడల్లా కాదు, ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్ళాను. మామ్మ పోయినప్పుడు పెట్టలేని సెలవు. దారిలో క్యాంపులెన్ని, బియ్యం బస్తాలెన్ని, కలరా సూదులెన్ని అన్నీ రాసుకున్నారు. నేను చూసినంతలో తెల్లవాళ్ళకి పేర్లున్నాయి, ఇంటిపేర్లున్నాయి, భార్యాబిడ్డల వయసులు కూడా ఉన్నాయి. మనవాళ్ళు అంకెలు. ఫలానా వారంలో ఇంతమంది దాటారు అని. ఆ అంకెల్లో ఒకచోట ఆరుగురు బయల్దేరి ఐదుగురు చేరారని నాకు తెలుసు, అంతకంటే ఏ కాగితంలోనూ వెతకలేకపోయాను.

చినతాత పోయిన ఏడాది పోయాడు. మా పెద్దత్తకి డెబ్భై దాటింది. ఆవిడతో ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్లో మాట్లాడి రాసుకుంటున్నాను. మామ్మ ఎప్పుడైనా నిద్రలో పాపని పేరు పెట్టి పిలిచిందేమో అని అడిగాను. గుర్తు లేదంది. ఆలోచిస్తానంది. మూడు వారాల తర్వాత తనే ఫోన్ చేసి, "గుర్తు రాలేదే, కానీ అమ్మ నాకు పేరు పెట్టేటప్పుడు మా అత్తగారితో పోట్లాడిందట. అత్తగారు ఒక పేరంటే, అమ్మ పట్టుబట్టి ఇంకో పేరు పెట్టిందట. అమ్మ జన్మలో అత్తగారి మాట కాదన్నది ఆ ఒక్కసారేనట" అంది. ఆ పేరు ఎక్కడి నుంచి తెచ్చిందో ఎవరికీ చెప్పలేదట. అంతకు మించి మాకేమీ తెలీదు.

ఈ సంక్రాంతికి ఊళ్ళో అన్నయ్య, ఇక్కడ నేను, ఇద్దరం పరికిణీ పెట్టాం. పెళ్ళయిన ఆడపిల్ల పెట్టకూడదుగా అని మా అమ్మ ఫోన్లో కాస్త గొణిగింది. మా అత్తగారు పక్కనే ఉన్నారు, ఆవిడే "పెట్టనివ్వండి వదినగారూ" అన్నారు. కొనడానికి సౌతాల్ వెళ్ళాం. షాపులో అమ్మాయి ఎన్నేళ్ళ పాపకి అని అడిగింది. మా అమ్మాయి నా వంక చూసింది. మూడేళ్ళకి అన్నాను. తర్వాత, ఎందుకైనా మంచిది, నాలుగేళ్ళ సైజు ఇవ్వమన్నాను.